ముప్పై నాలుగు ఫైనళ్ళ పుస్తకం

గురువారం పొద్దున ఇద్దరు తుపాకులవాళ్ళు వచ్చి గేటు తట్టేసరికి హోతమ్ మాస్టారు ముంగిట్లో మంచు ఊడుస్తున్నారు. చీపురు చేతిలో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

"కప్పు మాస్టారంటే నువ్వేనా?" అన్నాడు ముందున్నవాడు. నీలం ట్రాక్‌సూట్ మీద ఎవరిదో సైనికుడి కోటు తొడుక్కున్నాడు. ఆ కోటు చేతులు అతనికి రెండు వేళ్ళు పొట్టి.

"నేనే నాయనా."

"ముప్పై నాలుగు ఫైనళ్ళ పుస్తకం నీ దగ్గరే ఉందటగా?"

లేదని చెబుదామని మాస్టారు నోరు తెరిచారు. కానీ ఏం లాభం? ఆ పుస్తకం గురించి ఆయన డప్పు కొట్టుకోని చాయ్‌ఖానా నవ్‌రోద్ పట్నంలో ఒక్కటీ లేదు. వద్దన్నా వినిపించేవారు. టీ చల్లారిపోయినా వదిలేవారు కాదు.

"ఉంది," అన్నారు.

"రేపు మధ్యాహ్నం నమాజు అయ్యాక కమాండర్ పుర్దిల్ గారే స్వయంగా వస్తారు. తీసి సిద్ధంగా పెట్టుకో."

"ఎందుకో తెలుసుకోవచ్చా?"

"కప్పు మళ్ళీ ఆడిస్తారట. పాత విజేతలందర్నీ పిలిచి సన్మానం చేస్తారట." అంటూ ట్రాక్‌సూట్ వాడు వెనకనున్నవాడి వైపు చూశాడు. ఆ రెండోవాడు పళ్ళికిలించాడు. "ఒక్కొక్కణ్ణీ ఇంటికెళ్ళి మరీ పిలుస్తాం మాస్టారూ. ఎవర్నీ మర్చిపోం."

సరిగ్గా అప్పుడే మాస్టారి అల్లుడు షోదీ నీళ్ళ బకెట్టుతో పెరట్లోంచి వచ్చాడు. ఆరడుగుల మనిషి, చేటలంత చేతులు. ట్రాక్‌సూట్ వాడు పాస్‌పోర్టు అడిగాడు. షోదీ తీసి ఇచ్చాడు. వాడు ఫొటో చూశాడు, పుట్టిన ఊరు చూశాడు. నవ్‌రోద్ అని ఉంది. తిరిగిచ్చేస్తూ, "ఈ చేతులేంట్రా బాబూ, గోల్‌కీపర్‌వా?" అన్నాడు.

"పంపుహౌస్‌లో పని అన్నా," అన్నాడు షోదీ.

వాళ్ళు వెళ్ళిపోయారు. 

ఆ లోయలో తరతరాలుగా ఉన్నవాళ్ళంటూ దాదాపు ఎవరూ లేరు. కాలువ తవ్వినప్పుడు సర్కారు లారీలు పంపించి కొండల మీది ఊళ్ళకు ఊళ్ళనే దింపి పత్తి చేలల్లో పోసింది. కొందరు రష్త్ కొండల వాళ్ళు, కొందరు కూలోబ్ వైపు వాళ్ళు. మాస్టారు మాత్రం ఉత్తరాన పంజకెంత్ నుంచి భూగోళం పాఠాలు చెప్పుకోవడానికి వచ్చి స్థిరపడ్డ మనిషి, ఎటువైపూ కాదు. ఇక్కడ పుట్టిన పిల్లలందరి పాస్‌పోర్టుల్లోనూ ఊరు నవ్‌రోదే. కానీ ఎవర్నైనా ఆపి "మీదే ఊరు?" అని అడిగి చూడండి. తను ఒక్కసారి కూడా కంటితో చూడని తాతగారి కొండ ఊరి పేరు ఛాతీ విరుచుకుని చెబుతాడు. ఆ లోయ మనుషుల పిచ్చి అది.

మాస్టారి పిచ్చి ఇంకొకటి. లోయ కప్పు మొదటి ఫైనలు యాభై ఎనిమిదిలో జరిగింది, ట్రాక్టర్ డిపో గెలిచింది. ఆఖరి ఫైనలు తొంభై ఒకటిలో, అప్పుడు పట్టు మిల్లు గెలిచింది. మధ్యలో ఒక్క ఏడూ తప్పకుండా మాస్టారు రాసి పెట్టారు. అరవై మూడులో బంతి పగిలిపోయి మర్నాడు మళ్ళీ ఆడారు. డెబ్బై నాలుగులో పాల కేంద్రం వాళ్ళు తొమ్మిదిమందితోనే ఆడి గెలిచారు, ఎందుకంటే మిగతా ఇద్దరికీ అదే రోజు పెళ్ళి. ఓడినవాడు ఇంటికి పోవడమే తప్ప రెండో మాట లేని పోటీ అది. అందుకే మాస్టారికి అంత ప్రాణం. గెలిచిన పదకొండుమంది పేర్లు, ఓడిన పదకొండుమంది పేర్లు, పుట్టిన సంవత్సరం, గోలు పడిన నిమిషం, ఏ కాలితో కొట్టాడో కూడా రాసేవారు. ఇంతటితో ఆగి ఉంటే బాగుండేది.

ఆగలేదు. భూగోళం మాస్టారు కదా. పక్కన ఇంకో గడి గీసి దానికి 'అసలు ఊరు' అని పేరు పెట్టారు. ఫైనలు మొదలయ్యే ముందు ఆటగాళ్ళు బూట్లు కట్టుకుంటుంటే పుస్తకం పట్టుకుని వరసగా అందర్నీ అడిగేవారు. తర్వాత లౌడ్‌స్పీకరులో చదివేవారు. "గోల్‌కీపర్ షోదీ, రష్త్ కొండల ఖోజాసంగ్ ఊరివాడు!" అనగానే స్టేడియంలో ఓ మూల ఆ ఊరి మనవలు టోపీలు ఎగరేసేవారు. ఒక్క జట్టులో ఎన్ని కొండలో చూడండి అని మాస్టారు మురిసిపోయేవారు. బళ్ళో గోడమ్యాపు మీద గుండుసూదులు కూడా గుచ్చారు.

కిందటి ఏడు యుద్ధం వచ్చింది. వేసవిలో రష్త్ కొండల పక్షంవాళ్ళు కూలోబ్ పక్షం ఇళ్ళు తగలబెట్టారు. చలికాలం వచ్చేసరికి రెండోవాళ్ళు గెలిచి మొదటివాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు. కప్పు ఆడనే లేదు. ఆ వెండి కప్పును కూడా ఎవరో ఎత్తుకుపోయారు. ఇప్పుడు పట్నం పుర్దిల్ మనుషుల చేతిలో ఉంది, రష్త్ కొండల మూలమున్న మగవాళ్ళు కనబడితే తీసుకుపోతున్నారు. తీసుకుపోయినవాళ్ళు తిరిగి రావడం లేదు. అయితే వాళ్ళకొక చిక్కు వచ్చిపడింది. పాస్‌పోర్టు చూస్తే అందరిదీ నవ్‌రోదే. మాట తీరు బట్టి పట్టుకుందామంటే ఇక్కడ పుట్టినవాళ్ళందరి యాసా ఒక్కటే. ఎవడు ఏ కొండవాడో వరసపెట్టి రాసి ఉన్న కాగితం ఆ లోయ మొత్తంలో ఒక్కటే ఉంది. అది మాస్టారి ట్రంకుపెట్టెలో ఉంది.

అందులో ఎనభై అయిదో సంవత్సరం పేజీలో, కప్పు గెలిచిన కాలువ జట్టు వరసలో, మొదటి పేరు షోదీది.

గడియ పెట్టి లోపలికి వచ్చాక మాస్టారి భార్య ఓయ్‌మో మొదట అన్నమాట, "ఇవాళే తగలెయ్యండి."

"తగలేసి రేపు ఏం చూపించమంటావు? ఉందని నా నోటితో నేనే చెప్పాను."

"ఆ నోరు ఎప్పుడు ఊరుకుంది గనక! ఊరందరికీ చదివి వినిపించారు. పెళ్ళికెళ్ళినా ఆ పుస్తకమే, చావుకెళ్ళినా ఆ పుస్తకమే. నా పుట్టినరోజు ఏనాడైనా గుర్తుందా మీకు?"

"ఉంది. అరవై ఎనిమిది సెమీఫైనలు మర్నాడు," అన్నారు మాస్టారు. అని నాలిక కరుచుకున్నారు.

షోదీ గోడకు చేరబడి కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు. కూతురు సబోహత్ లోపలి గదిలో చంటిదాన్ని ఊపుతోంది, ఊపు కాస్త తొందరగా ఉంది. "మామయ్యా, నేను వెళ్ళిపోతాను," అన్నాడు షోదీ. "నేను లేకపోతే మీకు భయం లేదు."

"ఎటు పోతావు? మూడు దారులూ వాళ్ళవే. పైగా నువ్వొక్కడివేనా? ఆ గడిలో నూట ఎనభైమంది దాకా ఉన్నారు రష్త్ కొండలవాళ్ళు. నేనే లెక్కపెట్టి ఓసారి పత్రికలో కూడా వేయించుకున్నాను, గొప్పగా." మాస్టారు ట్రంకుపెట్టె వైపు చూశారు. "గన్ను పట్టుకుని ఎవడూ రాకముందే నేనే వీళ్ళందర్నీ వరసలో నిలబెట్టాను షోదీ. అచ్చంగా నేనే."

 

కొంతసేపటికి ఓయ్‌మోయే దారి చెప్పింది. "పుస్తకం అడిగారు, పుస్తకం ఇవ్వండి. ఆ గడి ఉన్నదే ఇవ్వాలా? బడి రిజిస్టర్లు అవే అట్టవి ఇంకా రెండున్నాయిగా పెట్టెలో."

మాస్టారు భార్యను కొత్తమనిషిని చూసినట్టు చూశారు. తర్వాత బల్ల ముందుకు లాక్కుని కూర్చున్నారు. పగలంతా రాశారు, చీకటి పడ్డాకా రాశారు, తెల్లారి మళ్ళీ రాశారు. సంవత్సరం, విజేత, స్కోరు, పేర్లు, అంతే. నిమిషాలు రాసే తీరిక లేదు. ఒక్క సిరాతో రాస్తే అనుమానం వస్తుందని నాలుగు కలాలు మార్చారు. రాసిన ప్రతి పేజీనీ ఓయ్‌మో తందూరు పొగ మీద ఆడించింది, అక్కడక్కడా చల్లారిన టీ చిలకరించింది. ముప్పై ఏళ్ళు ఆడిపోసుకున్న పుస్తకానికి ఆవిడ అంత సేవ చేయడం చూస్తే ఇంకో రోజైతే మాస్టారికి నవ్వొచ్చేది. ఆ రోజు మాత్రం వాకిట్లో కుక్క మొరిగినప్పుడల్లా కలం జారిపోయేది.

శుక్రవారం పదింటికి ఎనభై ఏడో సంవత్సరం పేజీ వచ్చింది. విజేత పత్తి మిల్లు, రసాయన ఫ్యాక్టరీ మీద ఒకటి సున్నా. మాస్టారు పేర్లు దించుకుంటూ పోతున్నారు. తొమ్మిదో నంబరు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పుర్దిల్. పుట్టింది అరవై ఆరు. గోలు ఎనభై ఒకటో నిమిషం, ఎడమ కాలు. అసలు ఊరు: ఒబిసియోహ్, రష్త్ కొండలు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. అక్షరాలు తనవే. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొస్తోంది. వానలో తడిసిన కుర్రాడు, బూటు తాడు తెగితే ముడివేసుకుంటూ, "మా నాన్నది ఒబిసియోహ్, రాసుకోండి మాస్టారూ, స్పష్టంగా రాయండి," అన్నాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి కూలోబ్ వైపు తన పుట్టింటికి తీసుకుపోయి పెంచింది. ఫైనలు రోజున వానకు లౌడ్‌స్పీకరు మూగబోయి ఊళ్ళ పేర్లు చదవనేలేదు. ఇవాళ అతని వెనక తిరిగే రెండువందల మందికీ తెలిసింది ఆ తల్లివైపు ఊరే. పేరు వినగానే ఎందుకు తట్టలేదో! నిన్నటినుంచి ఆయన బుర్రలో ఉన్నది షోదీ ఒక్కడే.

"ఏమైంది?" అంది ఓయ్‌మో.

మాస్టారు వేలు పెట్టి చూపించారు. ఆవిడకు చదవడానికి కాస్త టైము పట్టింది. చదివాక పక్కనున్న పీట మీద కూలబడిపోయింది.

"సన్మానమూ లేదు, జాబితా లేదు," అన్నారు మాస్టారు చాలా మెల్లగా. "అతనికి కావలసింది ఈ ఒక్క గీత. ఈ గీత వాళ్ళ మనుషుల కంటపడిందంటే ఆ సాయంత్రానికి అతను ఉండడు. అంటే నిజానికి అతను వచ్చేది పుస్తకం కోసం కూడా కాదే."

"మరి?"

"పుస్తకం చదివినవాడి కోసం."

ఎటు చూసినా దారి లేదు. పాతది ఇస్తే షోదీ, ఆ నూట ఎనభైమందీ ఉన్నారు అందులో. అతను ఒక్క పేజీ చింపుకుని మిగతావి వాడుకోడని ఎవరు చెప్పొచ్చారు? కొత్తది ఇస్తే, ఆ గడిలో ఏముందో తెలిసే తీసేశారని అతనికి అర్థమవుతుంది. షోదీ బిక్కచచ్చిపోయి మామగారినే చూస్తున్నాడు. నిన్న తన కోసం ఏడ్చిన ఇంట్లో ఇవాళ ఎవరి కోసం ఏడవాలో అతనికి తెలియలేదు.

"సబోహత్ నాన్నా," అంది ఓయ్‌మో చివరికి, "మీరు మర్చిపోవాలి."

"ఏమిటి?"

"అన్నీ. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, అన్నీ మర్చిపోయిన ముసలాడు అయిపోవాలి. మీకు అరవై ఒకటి. మా మేనమామకు యాభై ఎనిమిదికే మతి పోయింది, తన గాడిదను తనే కొనుక్కొచ్చుకున్నాడు."

"నేనా?" అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాటలో ఆయన జన్మంతా ఉంది.

"మీరే."

 తందూరులో పత్తి కట్టె బాగా రాజుకుని ఉంది. మిగిలిన నాలుగేళ్ళూ దించేశాక పాత పుస్తకాన్ని మాస్టారే తీసుకెళ్ళారు. ఒక్కసారి తెరిచి చూడాలనిపించింది గానీ చూడలేదు. అట్ట దళసరి కాబట్టి కాలడానికి చాలాసేపు పట్టింది. ఆయన పక్కనే నిలబడి, లోపల చెయ్యి పెట్టి లాగేసుకుంటానేమోనని రెండు చేతులూ చాపాన్ కోటు జేబుల్లో కుక్కుకున్నారు. తర్వాత అదే నిప్పు మీద ఓయ్‌మో రొట్టెలు చరిచింది. వచ్చేవాడు శత్రువైనా వాకిట్లోకి వచ్చినవాడి ముందు రొట్టె పెట్టాలి.

పుర్దిల్ చెప్పిన వేళకే వచ్చాడు, వెంట నిన్నటి ఇద్దరూ ఉన్నారు. ఇరవై ఏడేళ్ళవాడు, కళ్ళ కింద మాత్రం నలభై ఏళ్ళవాడిలా నల్లగా ఉంది. బూట్లు విప్పి పరుపు మీద కూర్చున్నాడు. ఓయ్‌మో గుడ్డ పరిచి రొట్టె పెట్టింది, ఉప్పేసిన పాలటీ పియాలాల్లో పోసింది. ఆ ఇద్దరూ చెయ్యి చాపబోయి కమాండర్ వంక చూశారు. పుర్దిల్ రొట్టె తుంచలేదు. ఉప్పు తిన్న ఇంటికి కీడు తలపెట్టకూడదన్న పట్టింపు ఆ లోయలో తుపాకులవాళ్ళకు కూడా ఉంది. అతను తుంచకపోవడం గదిలో అందరూ చూశారు. 

"పుస్తకం," అన్నాడు పుర్దిల్.

మాస్టారు ఇచ్చారు. అతను పేజీలు మొదటినుంచి తిప్పలేదు, తిన్నగా ఎనభై ఏడుకే వెళ్ళాడు. చూశాడు. పేజీ వెనక చూశాడు. ముందు పేజీ చూశాడు. దవడ దగ్గర కండ ఒక్కసారి కదిలింది.

"ఇంతేనా?"

"ఇంతే బాబూ."

"ఇంకేవో కూడా రాసేవారని విన్నాను."

"రాసేవాణ్ణా?" మాస్టారు ఓయ్‌మో వైపు తిరిగారు. "ఏమే, రాసేవాణ్ణా?"

"నన్నడుగుతారేం! పొద్దున టీ తాగారో లేదో కూడా నేనే చెప్పాలి," అని ఓయ్‌మో అందుకుంది. "క్రితం వారం చెప్పులు రెండూ ఒకే కాలికి తొడుక్కోబోయారు బాబూ. బడివాళ్ళు ఊరికే మాన్పించలేదు. రష్యాలో నది పేరు చెప్పమంటే మా అత్తగారి పేరు చెప్పాడీ మనిషి."

ట్రాక్‌సూట్ వాడు ఫక్కున నవ్వాడు. నిజానికి ఆయన్ను ఎవరూ బడి మాన్పించలేదు, యుద్ధం వచ్చి బడే మూతబడింది. అయినా మాస్టారు తల వంచుకుని ఆ నవ్వును భరించారు. ఎంత సులువుగా నమ్ముతున్నారు వీళ్ళు! ఒక మనిషి ముప్పై నాలుగేళ్ళు కూడబెట్టుకున్న పరువు నాలుగు మాటల్లో నేలపాలయింది. అయితేనేం, ప్రాణాలతో ఉంటే చాలు అనుకున్నారు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది కూడా.

పుర్దిల్ నవ్వలేదు. "యాభై ఎనిమిదిలో మొదటి కప్పు ఎవరిది?" అన్నాడు.

ట్రాక్టర్ డిపో. మూడు ఒకటి. ఆ మాట గొంతులోంచి తన్నుకొచ్చింది. "పట్టు మిల్లా?" అన్నారు మాస్టారు.

"డెబ్బై నాలుగు?"

"డెబ్బై నాలుగా? అప్పుడు నేను... పంజకెంత్‌లో ఉన్నాననుకుంటా."

"ఎనభై అయిదు?"

షోదీ గుమ్మం దగ్గర పియాలాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక పియాలా ఇంకోదానికి తగిలి టక్కుమంది. మాస్టారు అటు చూడలేదు. చూస్తే అంతా అయిపోయేది. "పుస్తకంలో ఉంటుంది బాబూ, చూడరాదూ," అన్నారు.

"ఎనభై ఏడు?"

 పుర్దిల్ కళ్ళు ఆయన ముఖం మీద ఉన్నాయి. పిల్లల జవాబు పత్రాలు ముప్పై ఏళ్ళు దిద్దిన మాస్టారికి ఎదుటివాడి కళ్ళు చదవడం తెలుసు. ఆ కళ్ళల్లో బెదిరింపు ఉంది, దాని అడుగున భయం ఉంది, అచ్చం తనకున్నంత భయం. అదొక్కటే కాదు. ఇంకొకటి కూడా ఉంది. చెప్పు, నా పేరు చెప్పు అని ఆ కుర్రాడు లోపల్లోపల బతిమాలుకుంటున్నాడు.

"గుర్తులేదు బాబూ," అన్నారు మాస్టారు.

పుర్దిల్ పుస్తకం మూసి చంకలో పెట్టుకుని లేచాడు. "జీపు తియ్యండి," అన్నాడు. ఆ ఇద్దరూ బయటకు నడిచారు. గుమ్మం దాకా వెళ్ళినవాడు బూట్లు తొడుక్కోకుండానే వెనక్కి వచ్చాడు. మాస్టారి ముందు గొంతుక్కూచున్నాడు. నడుముకున్న పిస్తోలు పరుపును ఒరుసుకుంది.

"ఆ గోలు నాదే మాస్టారూ," అన్నాడు, బయటివాళ్ళకు వినబడనంత మెల్లగా. "డెబ్బై తొమ్మిదో నిమిషం. కుడి కాలు."

ఎనభై ఒకటి! ఎడమ కాలు! మాస్టారి నాలిక పళ్ళదాకా వచ్చింది. ఎవరైనా స్కోరు తప్పు చెబితే పెళ్ళిపందిట్లోనైనా సరే లేచి నిలబడి దిద్దిన మనిషి ఆయన. అతను నిజంగా పొరబడ్డాడా, వల వేశాడా? గోలు కొట్టినవాడు ఏ కాలితో కొట్టాడో మరిచిపోతాడా?  

"అలాగా బాబూ?" అన్నారు మాస్టారు. "బాగా ఆడావన్నమాట. ఇంతకీ ఏ ఆట?"

పుర్దిల్ చాలాసేపు అలాగే చూశాడు. ఆ ముఖంలో ముందు బిగువు సడలింది. తర్వాత ఏదో ఆరిపోయింది. చెయ్యి చాపి రొట్టె అంచు తుంచి నోట్లో పెట్టుకుని, నమలకుండానే లేచి వెళ్ళిపోయాడు.

జీపు చప్పుడు మలుపు తిరిగాక ఓయ్‌మో గోడకు తల ఆనించి ఏడ్చింది. షోదీ మామగారి మోకాళ్ళు పట్టుకున్నాడు. మాస్టారు మాత్రం కదల్లేదు. "ఏ కాలితో కొట్టాడు మామయ్యా?" అని షోదీ అడిగితే కిటికీ వైపు ఓసారి చూసి, "గుర్తులేదు," అన్నారు.

ఆ తర్వాత మరి ఆయన నోట ఆటమాట రాలేదు. చాయ్‌ఖానాలో ఎవరు ఏ సంవత్సరం గురించి ఎత్తినా చేతులు తిప్పేసేవారు. మొదట్లో జాలిపడ్డారు, తర్వాత ఎగతాళి చేశారు, ఆఖరికి అడగడం మానేశారు. నూట ఎనభైమందిలో కొందరు సరిహద్దు నది దాటిపోయారు, కొందరు దొరికిపోయారు, చాలామంది మాత్రం నవ్‌రోద్ వాళ్ళుగానే బతికి బయటపడ్డారు. తాము ఏ పుస్తకంలోంచి బయటపడ్డారో వాళ్ళకు తెలియదు.

అయిదేళ్ళకు సంధి కుదిరింది. తొంభై ఎనిమిది వసంతంలో కప్పు మళ్ళీ పెట్టారు. కొత్త కప్పు, కొత్త జట్లు, స్టేడియం గోడలకు కొత్త సున్నం. తూటాల గుంతలు సున్నం కింద కూడా తెలుస్తూనే ఉన్నాయి. షోదీ బలవంతాన మామగారిని తీసుకెళ్ళాడు. ఫైనలు బాగానే జరిగింది. ఆట అయ్యాక బహుమతి ఇవ్వడానికి జిల్లా అధ్యక్షుడు వేదిక ఎక్కాడు. ఆ అధ్యక్షుడు పుర్దిలే. కాస్త లావెక్కాడు, టై కట్టుకున్నాడు. తుపాకులవాళ్ళు ఇప్పుడు కోట్లు వేసుకుని వేదిక చుట్టూ నిలబడ్డారు.

"మన లోయ చరిత్రలోనే ఇది మొట్టమొదటి కప్పు!" అన్నాడు పుర్దిల్ మైకులో. "మొట్టమొదటి విజేతలకు నా అభినందనలు!"

 నెత్తిన టోపీలున్న ముసలివాళ్ళు, మోకాళ్ళు అరిగిన పాత ఆటగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ట్రాక్టర్ డిపో వాళ్ళున్నారు. తొమ్మిదిమందితో గెలిచిన పాల కేంద్రం వాళ్ళలో ప్రాణాలతో మిగిలిన ఇద్దరున్నారు. అందరి కళ్ళూ తిరిగి తిరిగి మాస్టారి మీదికి వచ్చాయి. లేచి నిలబడి ఒక్క మాట దిద్దగలిగినవాడు ఆ జనంలో ఆయనొక్కడే.

వేదిక మీదినుంచి పుర్దిల్ కూడా అటే చూశాడు.

హోతమ్ మాస్టారు లేచారు. లేచి చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. ఆయన్ను చూసి ముందు వరస కొట్టింది, తర్వాత అంతా కొట్టారు. ఎనభై అయిదు కప్పు గెలిచిన గోల్‌కీపర్ ఒక్కడే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"కొట్టు అల్లుడూ," అన్నారు మాస్టారు పెదవులు కదలకుండా. "నీకు దణ్ణం పెడతాను, కొట్టు. ఆయన ఇటే చూస్తున్నాడు."